అట్ట కాదు, అట్ట వెనక పేజీ చూడండి: సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు ఎంచి కొనడం ఎలా

హన్మకొండలోనో, వరంగల్ స్టేషన్ వైపో పాత పుస్తకాల దుకాణంలోకి వెళ్తే ముందు వరసలన్నీ గ్రూప్స్, ఎంసెట్, ఇంజినీరింగ్ పుస్తకాలవే. ఇంగ్లీషు నవలలు వెనక మూలన, నేల మీద గుట్టగా పడి ఉంటాయి. అందులోంచి రాకెట్ బొమ్మో, డ్రాగన్ బొమ్మో ఉన్న అట్టలు ఏరడం కష్టమేమీ కాదు. ఏరినదాంట్లో ఏముందో తెలుసుకోవడమే కష్టం. ఒకే పేరున్న మూడు పుస్తకాలు మూడు వేర్వేరు సరుకులు కావచ్చు. ఒకటి రచయిత రాసిన నవల, ఒకటి సినిమా స్క్రిప్టు ముందు పెట్టుకుని ఇంకెవరో రాసింది, ఒకటి పిల్లల కోసం నాలుగో వంతుకు కుదించింది. ఇంటికొచ్చి యాభై పేజీలు చదివాక గానీ మోసపోయామని తెలియదు. ఆ సంగతి దుకాణంలోనే రెండు మూడు నిమిషాల్లో తేల్చుకునే పద్ధతి ఇది.

వెళ్లే ముందు చీటీ రాసుకోండి

మీకు కావలసిన నవలల పేర్లు ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాసుకోండి. గుట్ట ముందు కూర్చున్నాక రెండు చేతులకూ దుమ్మే, ఫోన్ తెరవబుద్ధి కాదు. ప్రతి పేరు పక్కన మూడు సంగతులు ఉండాలి: రచయిత, ఆ నవలకు ఇంకో పేరుందా, ఎన్ని భాగాలుగా వస్తుంది.

రెండో పేరు ఎందుకంటే, మన దగ్గర కొత్తగా అమ్మే ఇంగ్లీషు నవలలు ఎక్కువగా బ్రిటన్ ముద్రణలు. పాత పుస్తకాలుగా కంటైనర్లలో వచ్చేవాటిలో అమెరికా ముద్రణలూ కలిసి ఉంటాయి. రెండు దేశాల్లో ఒకే నవల రెండు పేర్లతో వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫిలిప్ పుల్మన్ 'నార్తర్న్ లైట్స్' అమెరికాలో 'ది గోల్డెన్ కంపస్'. ఆల్ఫ్రెడ్ బెస్టర్ నవల బ్రిటన్‌లో 'టైగర్! టైగర్!', అమెరికాలో 'ది స్టార్స్ మై డెస్టినేషన్'. చీటీ లేకపోతే ఒకే నవలను రెండుసార్లు కొంటారు.

భాగాల సంగతి ఇంకా ముఖ్యం. లావు ఫాంటసీ నవలలను బ్రిటన్ పేపర్‌బ్యాక్‌లో రెండుగా కోసి అమ్ముతారు. జార్జ్ మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' వరసలో మూడో నవల 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' అలా 'స్టీల్ అండ్ స్నో', 'బ్లడ్ అండ్ గోల్డ్' అని రెండు పుస్తకాలైంది. బ్రాండన్ శాండర్సన్ 'ది వే ఆఫ్ కింగ్స్' కూడా పార్ట్ వన్, పార్ట్ టూగా దొరుకుతుంది. అట్ట మీద ఆ 'పార్ట్ వన్' చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూడకుండా కొంటే కథ సగంలో ఆగుతుంది, రెండో సగం ఆ గుట్టలో ఉండదు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఏప్రిల్, మే నెలలు మంచివి. నిట్, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లు ఖాళీ అయ్యే రోజుల్లో పిల్లలు బరువు దించుకుని పోతారు. ఆదివారం తీరిక ఉంటే కాజీపేటలో పొద్దున బండెక్కి హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ బజారుకు వెళ్లండి. సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్లే. నాంపల్లి దాకా పోయే బండి దొరికితే ఇంకా మేలు, అక్కడి నుంచి ఆబిడ్స్ నడిచి వెళ్లేంత దూరమే. గట్టి గుడ్డ సంచి తీసుకుపోండి. చేతిలో పట్టే సైజు నవల దాదాపు రెండు వందల గ్రాములుంటుంది, ఇరవై కొంటే నాలుగు కిలోలు. ప్లాస్టిక్ కవరు పిడులు సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీదే తెగుతాయి.

గుట్ట దగ్గర: ముందు ఒళ్లు చూడండి

లోపలి సంగతికి ముందు పుస్తకం ఆరోగ్యం చూడాలి. ఇది అర నిమిషం పని.

మొదట చివరి పేజీ తీయండి. పాత పేపర్‌బ్యాక్‌లో ఊడిపోయేది ఎప్పుడూ అదే. కథ చివరి వాక్యం ఉందో లేదో చూడకుండా పైసలివ్వొద్దు. తర్వాత మధ్యలో మూడు నాలుగు చోట్ల తెరిచి పేజీ నంబర్లు చూడండి. పుస్తకాన్ని ఫారాలుగా ముద్రిస్తారు, ఒక్కో ఫారంలో పదహారో, ముప్పై రెండో పేజీలు. బైండింగులో తప్పు జరిగితే ఒక పేజీ పోదు, ఫారం మొత్తం పోతుంది, లేదా అదే ఫారం రెండుసార్లు పడుతుంది. అందుకే 96 తర్వాత 129 రావడమో, మళ్లీ 65 రావడమో కనిపిస్తుంది.

వీపు వంచి చూడకండి. 1980లకు ముందు పుస్తకాల జిగురు ఎండి గాజులా ఉంటుంది, నూట ఎనభై డిగ్రీలు తెరిస్తే పుస్తకం రెండు ముక్కలు. బొటనవేళ్ల మధ్య సగమే తెరవండి. తెరిచినప్పుడు సన్నటి పిండి రాలినా, పేజీల్లో సూది బెజ్జాల్లాంటివి వరసగా కనిపించినా పురుగుందని అర్థం. ఎంత అరుదైన పుస్తకమైనా దాన్ని ఇంట్లో ఉన్న మిగతావాటి మధ్యకు తేవడం తెలివి కాదు.

దొంగ ముద్రణ గుర్తుపట్టడం తేలిక. అక్షరాలు మసకగా, ఫోటోకాపీలాగా ఉంటాయి. అవతలి వైపు అచ్చు ఇవతలికి కనిపిస్తుంది. అట్ట బొమ్మలో రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు సరిగ్గానే ఉంది కదా అని నమ్మకండి, దొంగ ముద్రణలో అసలు పుస్తకం నంబరునే అచ్చేస్తారు. పేజీల అంచు మీద నల్ల మార్కర్ గీత ఉంటే మాత్రం భయం లేదు. అది ప్రచురణకర్త మిగులు సరుకుగా వదిలించుకున్నదానికి గుర్తు, పుస్తకం అసలుదే.

అట్ట వెనక పేజీ చదవడం

అసలు పని ఇక్కడుంది. పేరు, రచయిత ఉన్న పేజీని తిప్పితే దాని వీపున చిన్న అక్షరాల పేజీ ఉంటుంది. దాన్ని కాపీరైట్ పేజీ అంటారు. అట్ట అమ్మకానికి, ఈ పేజీ చట్టానికి. అందుకే అట్ట అబద్ధం చెప్పినా ఈ పేజీ చెప్పదు.

ముందు కాపీరైట్ గుర్తు పక్కన ఎవరి పేరుందో చూడండి. రచయిత పేరుంటే అది ఆయన సొంత నవల కావడానికే ఎక్కువ అవకాశం. సినిమా స్టూడియో పేరో, ఆటల కంపెనీ పేరో ఉంటే మీ చేతిలో ఉన్నది ఆ సినిమాకో ఆటకో అనుబంధంగా రాయించిన నవల.

తర్వాత 'ఫస్ట్ పబ్లిష్డ్' అన్న వరస. అనువాదమైతే అక్కడే మూల భాష పేరు, మూలం అచ్చయిన ఏడాది ఉండాలి. అనువాదకుడి పేరు ఈ పేజీలోనైనా, ముందు పేజీలోనైనా ఉండాలి. రెండుచోట్లా లేకపోతే అనుమానించండి. ఎందుకో కింద చెప్తాను.

ఆ కిందే ఒక అంకెల వరస కనిపిస్తుంది: 10 9 8 7 6 5 4 3 2 1 అనో, బ్రిటన్ పుస్తకాల్లో 1 3 5 7 9 10 8 6 4 2 అనో. అందులో మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. 10 9 8 7 6 5 4 అని ఆగిపోతే అది నాలుగో ముద్రణ. చదువుకోవడానికి దీనితో పనిలేదు. 'ఫస్ట్ ఎడిషన్ సర్' అని ఎక్కువ అడిగినప్పుడు మాత్రం పనికొస్తుంది.

ఇక ఐఎస్‌బీఎన్. 2007 జనవరి 1 నుంచి ఇది 13 అంకెలు, అంతకు ముందు 10. పదమూడు అంకెల దాంట్లో 978 తర్వాత వచ్చే అంకె చూడండి. 0 గానీ 1 గానీ ఉంటే ఇంగ్లీషు ప్రాంతం, 2 అయితే ఫ్రెంచి, 81 లేదా 93 అయితే భారతదేశం. పది అంకెల దాంట్లో ఇదే అంకె మొదట్లోనే ఉంటుంది. 1970ల తొలినాటి కొన్ని బ్రిటన్ పుస్తకాల్లో తొమ్మిది అంకెలే ఉంటాయి. ముందు ఒక సున్నా చేర్చుకుంటే పది అంకెల నంబరు అవుతుంది.

పాత పది అంకెల నంబరును పదమూడుగా మార్చడం నోటి లెక్కే. 0-306-40615-2 అనుకుందాం. చివరి అంకె తీసేసి ముందు 978 పెట్టండి: 978030640615. ఒకటో, మూడో, అయిదో స్థానాల్లాంటి బేసి స్థానాల అంకెలు కూడితే 27. సరి స్థానాలవి కూడితే 22, దాన్ని మూడుతో గుణిస్తే 66. రెండూ కలిపి 93. దీన్ని తర్వాతి పదికి, అంటే వందకు, చేర్చడానికి 7 కావాలి. అదే కొత్త చివరి అంకె. పాత నంబరు చివరి 2ను అలాగే ఉంచి ముందు 978 తగిలిస్తే వెతుకులాటలో ఏమీ దొరకదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. ఇంకొకటి, పాత అమెరికా చిన్న సైజు పేపర్‌బ్యాక్‌ల వెనకట్ట మీది బార్‌కోడ్ కిరాణా సామాను బార్‌కోడ్ రకం. ఫోన్‌తో స్కాన్ చేస్తే పుస్తకం రాదు. ముందు అట్ట లోపలి వైపు చూడండి, చాలావాటికి అసలు బార్‌కోడ్ అక్కడుంటుంది.

వెండితెర నవలా, అసలు నవలా?

సినిమాను నవలగా రాస్తే దానికి మన దగ్గర 'వెండితెర నవల' అన్న మంచి మాట ఎప్పటి నుంచో ఉంది. ముళ్ళపూడి వెంకటరమణ లాంటి చేయి తిరిగినవాళ్లే రాశారు. ఇంగ్లీషులోనూ ఇది చిన్నచూపు చూడాల్సిన సరుకు కాదు. ఏది ఏదో తెలిసి కొనాలంతే. ఇందులో మూడు రకాలున్నాయి.

మొదటిది, పాత నవలకే సినిమా పోస్టర్ అట్ట వేసింది. లోపల మూల నవలే. నిక్షేపంగా కొనండి, పైగా ఇవి చవకగా దొరుకుతాయి.

రెండోది, అసలైన వెండితెర నవల. పేరు పేజీలో 'స్క్రీన్‌ప్లే ఆధారంగా' అనే అర్థం వచ్చే వరస, కింద స్క్రీన్‌ప్లే రాసినవాళ్ల పేర్లు ఉంటాయి. సినిమా విడుదల రోజుకు పుస్తకం బజారులో ఉండాలి కాబట్టి రచయిత చేతికి స్క్రిప్టే వస్తుంది, పూర్తయిన సినిమా రాదు. అందుకే ఎడిటింగులో పోయిన సన్నివేశాలు ఇందులో మిగిలిపోతాయి. అలాంటివి ఏరుకుని చదవడంలో ఒక రుచి ఉంది. 'స్టార్ వార్స్' నవల 1976 చివర్లోనే, సినిమాకు నెలల ముందే వచ్చింది. అట్ట మీద జార్జ్ లూకాస్ పేరున్నా రాసింది అలన్ డీన్ ఫాస్టర్. ఐజాక్ అసిమోవ్ 'ఫెంటాస్టిక్ వాయేజ్' కూడా 1966లో సినిమా కంటే ముందే అచ్చవడంతో, పుస్తకం నుంచి సినిమా తీశారని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. జరిగింది అటుది ఇటు. అంటే తేదీ ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి, 'ఆధారంగా' అన్న వరస వెతకండి.

మూడోది, సినిమా, సీరియల్, ఆట లోకంలో కొత్త కథ. మనకు దగ్గరి ఉదాహరణ 2017లో ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో రాసిన 'ది రైజ్ ఆఫ్ శివగామి'. అది బాహుబలి సినిమా కథ కాదు, దానికి ముందు జరిగిన కథ. ఈ రకంలో నూరు పుస్తకాల వరసలు కూడా ఉంటాయి, మధ్యలోది ఒకటి కొంటే తలా తోకా దొరకదు. వెన్ను మీద అంకె ఉంటే ఒకటో పుస్తకం దొరికేదాకా ఆగండి. 'స్టార్ వార్స్' వాటిలో కొన్ని అట్టల పైన 'లెజెండ్స్' అన్న పట్టీ కనిపిస్తుంది. 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ కంపెనీ అంతకు ముందరి నవలల కథలను అధికారిక కథాక్రమం నుంచి తప్పించింది, తర్వాతి పునర్ముద్రణలకు ఆ పట్టీ వేసింది. కొత్త సినిమాలతో పొంతన కుదరదు, అంతే. కథలకేం లోటు లేదు. 1991లో వచ్చిన టిమోతీ జాన్ 'ఎయిర్ టు ది ఎంపైర్'తో మొదలుపెడితే సినిమాలు చూసినవాళ్లకు సులువుగా ఎక్కుతుంది.

అనువాదమైతే పాత్రల పేర్లు పట్టుకోండి

సైన్స్ ఫిక్షన్‌కు పునాది రాళ్లలో సగం ఫ్రెంచివి. మనకు అవి ఇంగ్లీషు మీదుగానే వచ్చాయి, తెలుగులోకి వచ్చినవీ ఎక్కువగా ఆ ఇంగ్లీషు నుంచే. దారిలో ఏం పోయిందో తెలుసుకోవడానికి తేలిక మార్గం పాత్రల పేర్లు. అనువాదకుడి పేరు దాచిపెట్టిన పుస్తకంలోనూ పాత్రల పేర్లు దాగవు.

జూల్ వెర్న్ భూగర్భ యాత్ర నవల 1864లో వచ్చింది. అందులో ప్రొఫెసర్ పేరు లీడెన్‌బ్రోక్, మేనల్లుడు ఆక్సెల్. మీ పుస్తకంలో హార్డ్‌విగ్, హ్యారీ అని ఉంటే అది 1871 నాటి ఇంగ్లీషు రూపం. ఆ అనువాదకుడు పేర్లతో ఆగలేదు, సొంత సన్నివేశాలు కూడా కలిపాడు. తెలుగు పుస్తకంలో హార్డ్‌విగ్ కనిపించినా అంతే, దాని తల్లి ఆ 1871 పుస్తకమే.

వెర్న్ సముద్రగర్భ యాత్ర నవల 'ఇరవై వేల లీగులు' విషయంలో పేర్లు చాలవు, రెండో అధ్యాయం తీయండి. కథ చెప్పే ప్రొఫెసర్ అమెరికాలో నెబ్రాస్కా బ్యాడ్‌లాండ్స్ అనే బంజరు నేలలు తిరిగి వస్తాడు. 1870ల మెర్సియర్ అనువాదంలో అది 'అసహ్యకరమైన నెబ్రాస్కా ప్రాంతం' అన్నట్టు మారింది. ఆ మాట కనిపిస్తే పుస్తకం మూసేయండి. అందులో మూలంలో దాదాపు నాలుగో వంతు లేదు. పైగా ఉక్కు నీటికన్నా తేలికైనదన్నట్టు లెక్క పడింది. ఉక్కు సాంద్రత నీటికి ఏడెనిమిది రెట్లని వెర్న్ సరిగ్గానే రాశాడు, దశాంశ బిందువు అనువాదంలో జారింది. వెర్న్‌కు సైన్స్ రాదని ఇంగ్లీషువాళ్లు చాలాకాలం ఎగతాళి చేయడానికి ఇలాంటివే కారణం. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైటులో ఈ నవల రెండు నంబర్లతో ఉంది: 164 మెర్సియర్‌ది, 2488 ఎఫ్.పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం. రెండూ ఉచితమే, 2488 దించుకోండి. అన్నట్టు ఇరవై వేల లీగులు లోతు కాదు, నీటి కింద తిరిగిన దూరం.

'మిస్టీరియస్ ఐలాండ్' మనవాళ్లు తప్పకుండా పూర్తి అనువాదంలోనే చదవాలి. 'ఇరవై వేల లీగులు'లో జలాంతర్గామి నడిపిన కెప్టెన్ నెమో ఎవరో అక్కడ తేలుతుంది. బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో ఇంగ్లీషువాళ్లతో తలపడ్డవాడు. 1875 నాటి కింగ్‌స్టన్ ఇంగ్లీషు అనువాదంలో బ్రిటిష్ పాలన మీద నెమో మాటలకు పదును తీసేశారు. గుర్తు పట్టడం ఎలాగంటే, ఇంజినీరు పేరు సైరస్ హార్డింగ్ అని ఉంటే ఆ మొద్దుబారిన రూపం. సైరస్ స్మిత్ అని ఉంటే మూలానికి దగ్గరిది. అధ్యాయాలూ లెక్కపెట్టండి. మూలంలో మూడు భాగాలు, 62 అధ్యాయాలు.

పోలిష్ రచయిత స్తానిస్వాఫ్ లెమ్ 'సొలారిస్' ఇంకో రకం. 1961లో పోలిష్‌లో వచ్చింది. 1970లో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచి అనువాదం నుంచి చేసింది. అంటే మీరు చదివేది అనువాదానికి అనువాదం. రేయా, స్నో అన్న పేర్లుంటే అదే. హేరీ, స్నౌట్ అని ఉంటే బిల్ జాన్‌స్టన్ నేరుగా పోలిష్ నుంచి చేసినది, 2011లో వచ్చింది. పాతది చదవకూడదని కాదు. గుట్టలో దొరికేది మాత్రం ఎక్కువగా పాతదే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే చోట పనికొచ్చే కేసు కోతుల గ్రహం. పియేర్ బూల్ 1963లో ఫ్రెంచిలో రాశాడు. జాన్ (Xan) ఫీల్డింగ్ ఇంగ్లీషు చేశాడు, అది అమెరికాలో 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్', బ్రిటన్‌లో 'మంకీ ప్లానెట్'. 1968లో సినిమా, తర్వాత సినిమా మీద సినిమా, వాటికి వెండితెర నవలలు. గుట్టలో కోతి బొమ్మ ఉన్న పుస్తకాలు మూడు దొరికాయనుకోండి. మొదటి అధ్యాయాలు తిప్పి కథానాయకుడి పేరు చూడండి. యులిస్ మెరూ అని ఉంటే బూల్ నవల, అట్ట మీద సినిమా బొమ్మ ఉన్నా ఫరవాలేదు. టేలర్ అనో, బ్రెంట్ అనో ఉంటే సినిమా సంతానం. 'మంకీ ప్లానెట్' అన్న పేరు చూసి ఏదో నకలు అనుకుని పక్కన పెట్టేస్తారు చాలామంది. అదే అసలు సరుకు.

ఫ్రెంచి పుస్తకమే చేతికొస్తే

అరుదే అయినా ఆబిడ్స్ గుట్టల్లో తగులుతుంది. నిలువు వరసలో వెన్నులు చదివేటప్పుడు ఇంగ్లీషు పేర్లకు తల కుడికి వంచుతాం. ఎడమకు వంచాల్సి వస్తే ఆగండి, ఫ్రెంచి వెన్నుల మీద పేరు కింది నుంచి పైకి నడుస్తుంది. విషయసూచిక ముందు లేదని ఫారం పోయిందనుకోకండి, వాళ్లు దాన్ని చాలాసార్లు చివర్లో పెడతారు. ముద్రణ తేదీ కూడా ఆఖరి పేజీలోనే.

పేరు పేజీలో, ఇంగ్లీషు పద్ధతిలో అక్షరాలు కూడబలుక్కుంటే 'ట్రాడ్యూట్' అన్నట్టు కనిపించే మాట వెతకండి (ఫ్రెంచివాళ్లు 'త్రాద్వీ' అంటారు). అది ఉంటే అనువాదం, అంటే ఇంగ్లీషు నవలే ఫ్రెంచి దుస్తుల్లో ఉంది. అలాంటిదైతే పెద్ద ఫాంటసీ వరసల్లో భాగాల సంఖ్య నమ్మొద్దు. మార్టిన్ నవలలను అక్కడ ఒక్కోదాన్ని రెండు మూడు ముక్కలు చేసి అమ్మారు, ఫ్రెంచి నాలుగో పుస్తకం ఇంగ్లీషు నాలుగోది కాదు. పేర్లూ మారతాయి. హ్యారీ పాటర్ బడి హాగ్వార్ట్స్ ఫ్రెంచిలో 'పూద్‌లార్'. టోల్కీన్ పాత్ర బ్యాగిన్స్ 1972 అనువాదంలో 'సాకే', 2014 తర్వాతి కొత్త అనువాదంలో 'బెస్సాక్'. రెండు అనువాదాల భాగాలు కలిపి కొంటే మధ్యలో మనిషి పేరు మారిపోతుంది.

వెనకట్ట మీద 'ఫాంతాస్తిక్' అని ఉంటే ఫాంటసీ అనుకోవద్దు. మామూలు లోకంలోకి అంతుచిక్కనిది చొరబడే కథలను వాళ్లు అలా అంటారు, దయ్యాల కథలకు దగ్గరి చుట్టం. కత్తులు, మంత్రాలు ఉండేదానికి ఇంగ్లీషు మాట 'ఫాంటసీ'నే వాడుకుంటారు. దీనికి సరైన సొంత మాట ఉన్నది మనకే, జానపదం. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు చదువుతూ పెరిగినవాళ్లకు ఈ కోవ ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఫ్రెంచి కాస్త నేర్చుకున్నవాళ్లు నవల తెరవగానే బెదిరిపోయే కారణం ఒకటుంది. క్లాసులో చెప్పే భూతకాలం వేరు, నవలల్లో కథ నడిపే భూతకాలం వేరు. దాన్ని 'పాసే సాంప్ల్' అంటారు, ఎవరూ మాట్లాడరు, రాతలోనే ఉంటుంది. 'ఫ్యు' అంటే అయ్యాడు, 'ఫి' అంటే చేశాడు, 'వాఁ' అంటే వచ్చాడు. ఇలాంటి పదిహేను రూపాలు ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే మొదటి నెల గడిచిపోతుంది. సంభాషణకు కొటేషన్ గుర్తులు కాకుండా అడ్డగీత ఉంటుంది, ఎవరు మాట్లాడుతున్నారో జాగ్రత్తగా పట్టుకోవాలి.

మొదలుపెట్టడానికి వెర్న్ 'ఎనభై రోజుల్లో' నవల మంచిది. సైన్స్ ఫిక్షన్ అనలేం గానీ 37 చిన్న అధ్యాయాలు, ఫ్రెంచి మూలం గుటెన్‌బర్గ్‌లో ఉచితం. మొదటి అధ్యాయం నుంచి కాకుండా పదో అధ్యాయం నుంచి ఎత్తుకోండి. అక్కడ కథ బొంబాయిలో దిగుతుంది. కథానాయకుడి నౌకరు పాస్‌పార్తూ మలబార్ హిల్ గుడిలోకి బూట్లతో వెళ్లి తన్నులు తింటాడు. ఊర్లు తెలుసు, గుడి మర్యాద తెలుసు, కాబట్టి తెలియని మాటలు సగం వాటంతటవే విడిపోతాయి. రోజుకు రెండు పేజీలు: ముందు ఫ్రెంచి, తర్వాత అదే భాగం ఇంగ్లీషు, మళ్లీ ఫ్రెంచి. నిఘంటువు మూడోసారి చదివేటప్పుడే తెరవాలి. మొదటిసారే తెరిస్తే పేజీకి నలభై మాటలు వెతికి మూడో రోజు వదిలేస్తారు. కాగితం పుస్తకాలు కావాలంటే హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ లైబ్రరీ ఉంది. అక్కడ సభ్యత్వం ఉంటే వాళ్ల డిజిటల్ లైబ్రరీ కుల్త్యురుతెక్ గురించి కూడా అడగండి, అది వరంగల్‌లో కూర్చుని వాడుకోవచ్చు.

బేరం

కావలసిన పుస్తకం ఒక్కదాన్నే పట్టుకుని అడగొద్దు. అయిదారు కలిపి ముందు పెట్టండి. "అన్నా, అన్ని గలిపి ఎంతకిస్తవ్?" అంటే ఒక లెక్క, "ఈ ఒక్కటెంత?" అంటే ఒక లెక్క. అట్ట మీది వెలలో సగం దాటితే ఆగండి. విదేశీ ధరను రూపాయల్లోకి మార్చి సగం అంటే ఒప్పుకోవద్దు, దుకాణదారు ఆ ధరకు కొనలేదు. లావు చూసి రేటు చెప్పే దుకాణాలే ఎక్కువ కాబట్టి పాత సన్న నవలలు మీకు లాభం. 1960ల సైన్స్ ఫిక్షన్ చాలావరకు రెండు వందల పేజీల లోపే.

ఇంటికి తెచ్చాక

నేరుగా బీరువాలో పెట్టకండి. పొడి గుడ్డతో అంచులు తుడిచి, ఒక రోజు నీడలో గాలికి ఉంచండి. ఎండలో వద్దు, చవక కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. పురుగు అనుమానం ఉంటే గాలి చొరని జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ చల్లటి కాగితం మీద నీరై కూర్చుంటుంది. వానకాలంలో అలమర గోడకు ఆనకుండా రెండు మూడు అంగుళాలు జరపండి. వేపాకు పెడితే పూర్తిగా ఎండినదే పెట్టండి, పచ్చి ఆకు తేమ తెస్తుంది.

ఊడిన పేజీకి సెల్లోటేపు అంటించవద్దు, కొన్నేళ్లకు జిగురు గోధుమ రంగు మరకై అక్షరాలు మింగుతుంది. పేజీ లోపలి అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున ఫెవికాల్ పలచగా రాసి, సరిగ్గా కూర్చోబెట్టి, రెండు వైపులా బటర్ పేపర్ వేసి, రాత్రంతా బరువు కింద ఉంచితే చాలు.

చివరగా నోటుబుక్కు. ఒక్కో పుస్తకానికి ఒక వరస: చేతిలో ఉన్న పేరు, మూలం పేరు, రచయిత, అనువాదకుడు, మూల భాష, మూలం ఏడాది, ఈ ముద్రణ ఏడాది, నంబరు, రకం. రకానికి ఒక్క అక్షరం చాలు. 'మూ' అంటే మూలం, 'అ' అనువాదం, 'అ2' అనువాదానికి అనువాదం, 'వె' వెండితెర నవల, 'లో' ఆ సినిమా లోకంలో కొత్త కథ, 'సం' సంక్షిప్తం. తెలియని గడులు నింపడానికి ఐఎస్‌ఎఫ్‌డీబీ అనే ఉచిత సైటు ఉంది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ ముద్రణలన్నీ ఏడాది వారీగా, అట్ట బొమ్మలతో దొరుకుతాయి. ఫ్రెంచివాటికి నూస్‌ఫేర్ చూడండి. అప్పుడు ఒక వరస ఇలా వస్తుంది: మంకీ ప్లానెట్, లా ప్లానెత్ దే సాంజ్, పియేర్ బూల్, జాన్ ఫీల్డింగ్, ఫ్రెంచి, 1963, ఇక్కడ మీ ముద్రణ ఏడాది, నంబరు, అ. ఎవరికైనా చదవడానికి ఇస్తే పక్కన పెన్సిల్‌తో పేరు రాయండి, తిరిగొచ్చాక చెరిపేయవచ్చు.